ఆపేసిన మైకు ముందు పదకొండు శనివారాలు

పాయ్‌సందు పట్టణంలో, రేవుకు దిగే వీధిలో కాపురముంటున్న, కీర్తిశేషులు అన్సెల్మో బిదార్త్ గారి పెద్ద కుమార్తెను, అవివాహితను, డెబ్బై మూడేళ్ళ వయసు గల ఎర్మెలిందా బిదార్త్ అను నేను, ఈ గురువారం ఉదయం తొమ్మిది గంటలకు నోటరీ మీర్తా సబలేటా గారి ఆఫీసులో కూర్చుని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా చెప్పి రాయించిన వీలునామా ఇది. నాకు మతి స్థిమితంగా ఉందని మొన్న సోమవారం డాక్టరు గారు ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. గంటతో సహా ఎందుకు రాయించానంటే, నా బుద్ధి ఉదయం పూట నా మాట వింటుంది. మధ్యాహ్నం నాలుగు దాటాక నేనేం చెప్పినా, ఎక్కడ సంతకం పెట్టినా దానికి నేను పూచీ పడలేను.

ఒకటి. ఇంతకుముందు నేను రాసినవీ, రాయించినవీ, రాయించినట్టు నాకు గుర్తు లేనివీ అయిన వీలునామాలన్నిటినీ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. "గుర్తు లేనివీ" అన్నమాట చట్టంలో లేదని నోటరీ గారన్నారు. ఉండాలన్నాను. ఎందుకుండాలో కింద చెబుతాను.

రెండు. బస్ స్టేషన్లో ముప్పై ఒక్క ఏళ్ళు టిక్కెట్ల కిటికీ వెనక కూర్చున్నాను. బస్సుకీ బస్సుకీ మధ్య చదివాను. అలా పోగైన పుస్తకాలు వెయ్యీ నాలుగు వందల చిల్లర. వాటిని మళ్ళీ ఆ బస్ స్టేషన్ వెయిటింగ్ హాలుకే ఇస్తున్నాను. అలమారాలకు తాళం వెయ్యకూడదు. ఎవరు ఏది తీసుకుని ఏ ఊళ్ళో దిగిపోయినా అడగకూడదు. వంటల పుస్తకాలు మాత్రం నా చెల్లెలు ఒనేలియాకి. దానికి వంట రాదు. ఈ ముక్క నేను ఆరోగ్యంగా ఉన్నప్పుడూ అన్నదే, జబ్బు మీద తోసెయ్యొద్దు.

మూడు. ఉద్యోగం మానేశాక తొమ్మిదేళ్ళుగా, మా పేట రేడియోలో ప్రతి శనివారం పదింటికి ఇరవై నిమిషాలు మాట్లాడుతున్నాను. ఆ వారం చదివిన పుస్తకం, విన్న ఆడియో పుస్తకం, చూసిన సినిమా, ఏది వినేవాళ్ళ టైముకి తగినదో, ఏది కాదో చెప్పడం నా పని. చెప్పేముందు ప్రతిదీ నోటు పుస్తకంలో రాసుకుంటాను. ఆ నోటు పుస్తకాలు పదిహేడు.

ఏప్రిల్ ఇరవై రెండున, కార్యక్రమం అయ్యాక గ్రిసెల్దా ఫోన్ చేసింది. గ్రిసెల్దా నా స్నేహితురాలు. పదేళ్ళ కిందట చూపు పోయింది, ఆడియో పుస్తకాల మీదే బతుకుతోంది. "లిందా, వంతెన కట్టేవాళ్ళ నవల బాగుందన్నావ్, సరే. పోయిన వారమూ అదే చెప్పావ్, అంతకుముందు వారమూ అదే. మాటలు కూడా అవే. కావాలనే చేస్తున్నావా?" అంది. మంచి పుస్తకం మూడుసార్లు చెప్పినా తప్పులేదని నవ్వేశాను. ఫోన్ పెట్టేసి నోటు పుస్తకం తీశాను. మూడు పేజీలు. మూడు తేదీలు. మూడింటా నా చేతి రాతే. మూడూ "ఎవరూ పట్టించుకోని పుస్తకం ఒకటి ఈ వారం నా కంటపడింది" అనే మొదలయ్యాయి. మొదటి రెండు పేజీలు నేను రాసినట్టు నాకు తెలియదు. వంటింట్లో కుర్చీలో కూర్చుండిపోయాను. మాతే ఆకు టీ తాగుదామని పెట్టుకున్న నీళ్ళు చల్లారిపోయాయి. చావంటే కూడా నాకు ఎప్పుడూ ఇంత భయం వెయ్యలేదు.

ఎవరికీ చెప్పలేదు. నోటు పుస్తకం మొదటి పేజీలో చెప్పేసిన పుస్తకాల జాబితా ఒకటి పెట్టుకుని, చూసుకుని మాట్లాడటం మొదలుపెట్టాను. మే, జూన్ నెలలు బాగానే గడిచాయనుకున్నాను. శనివారం మధ్యాహ్నాలు గ్రిసెల్దా ఫోన్ చేసి ఇవాళ బ్రహ్మాండంగా చెప్పావనేది. గండం గడిచిందనుకున్నాను.

నాలుగు. జూలై ఇరవై తొమ్మిదిన వాన. బస్సు రాలేదు. రేడియోకి వెళ్ళడానికి టాక్సీ ఎక్కాను. పది దాటి ఐదు నిమిషాలైంది. డ్రైవరు రేడియో పెట్టాడు. అందులో నేను మాట్లాడుతున్నాను.

ఇది నోటరీ గారు ఉన్నదున్నట్టు రాయాలి. వెనక సీట్లో గొడుగు పట్టుకుని నేను కూర్చున్నాను, నోరు మూసుకునే ఉన్నాను. నా గొంతు మాత్రం ముందునుంచి వస్తోంది, ఒక నవల గురించి నవ్వుతూ చెబుతోంది. ఆ నవల చదివిన గుర్తు లేదు. "ఈవిడ భలే చెబుతుందండీ, మా ఆవిడ వదలకుండా వింటుంది" అని డ్రైవరు సౌండు పెంచాడు. ఆవిడ ఎవరని అడిగాను. నన్ను అద్దంలో చూసి, లిందా బిదార్త్ అని చెప్పాడు. నేను ఎక్కడికి వెళ్తున్నానో, వెళ్ళిపోయానో, అక్కడ ఉన్నది నేనో ఇక్కడ ఉన్నది నేనో అర్థం కాలేదు. తలుపు తీసి దిగబోయాను. బండి నడుస్తోంది. అతను బ్రేకు వెయ్యబట్టి ఇవాళ ఈ కాగితం రాయిస్తున్నాను. అతని పేరు అడగలేదు, ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

రేడియోలో మైకూ మిషనూ చూసుకునే వాల్దెమార్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. వానకి నేను రాననుకుని పదింటికే పాత రికార్డింగు వేసేశానన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే తలొంచుకుని చెప్పాడు. మే పదమూడు నుంచి ప్రతి శనివారం వేస్తున్నవి ఏళ్ళ కిందటి రికార్డింగులేనట. నేను గాజు గదిలో కూర్చుని మాట్లాడుతున్నంతసేపూ మైకు ఆపేసి ఉంచేవాడట. పదకొండు శనివారాలు. "లిందక్కా, ఒకసారి నువ్వు పుస్తకం సంగతి వదిలేసి బస్సుల టైములు చెప్పుకుంటూ పోయావ్. సాల్తో వెళ్ళే బస్సు, మెర్సెదెస్ ఊరెళ్ళే బస్సు, ఇరవై నిమిషాలూ అదే. జనం నవ్వుతారని భయపడ్డాను" అన్నాడు. చెప్పొద్దని బతిమాలింది ఒనేలియా. గ్రిసెల్దాకీ తెలుసు. ప్రతి శనివారం అది మెచ్చుకున్నది ఏళ్ళ కిందటి నన్ను.

అందువల్ల: నా రికార్డింగులన్నీ వాల్దెమార్‌కే ఇస్తున్నాను. అవి కాపాడినవాడు అతనే. కానీ ఒక షరతు. నా ఊపిరి ఉన్నంతకాలం అవి రేడియోలో రాకూడదు. నేను ఏ గదిలో, ఏ ఆసుపత్రిలో, ఏ కిటికీ పక్కన కూర్చుని ఉంటానో ఎవరికి తెలుసు. ఆ టాక్సీలో పడ్డ భయం ఇంకోసారి పడలేను. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా అతనికే అప్పగిస్తున్నాను. పదకొండు వారాలు ఒక్క మాట పొక్కకుండా గుట్టు నడిపినవాడు దీన్నీ నడపగలడు.

ఐదు. నా ఫోనూ, అందులోని రెండు వందల పన్నెండు ఆడియో పుస్తకాలూ, చెవులకి మెత్తగా ఉండే హెడ్‌ఫోన్లూ గ్రిసెల్దాకి. నా ఆఖరి సిఫార్సులు కూడా ఇవే అనుకో గ్రిసెల్దా. ఓడలు విప్పేవాళ్ళ కథ విను, తొమ్మిదో గంట దగ్గర చదివేవాడికి జలుబు చేసింది, ఓర్చుకో. తేనెటీగల అక్కచెల్లెళ్ళది సగంలో ఆపెయ్యి, రెండో సగం రచయిత్రి వేరే పనిమీద ఉండి రాసింది. మందుల షాపు సీరియల్ ఎనిమిది భాగాలూ ఒనేలియాని పక్కన కూర్చోబెట్టుకుని విను, కనిపించేది అది చెబుతుంది, తప్పులు చెబుతుంది, అదే సరదా. ఇందులో ఏదైనా నీకు ముందే చెప్పి ఉంటే కోప్పడకు. నాతో అబద్ధమాడినందుకు నేనూ నీమీద కోపం తెచ్చుకోను. తెచ్చుకున్నాను, పోయింది.

ఆరు. అసలు విషయం. ఇంటిని, పెరడును, నాన్న కుర్చీని, ఇంట్లో ఉన్న సమస్త సామానును నా చెల్లెలు ఒనేలియా బిదార్త్‌కు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నోటు పుస్తకంలో జూలై రెండో తేదీ పేజీలో నా రాత ఒకటి దొరికింది. సినిమా గురించి రెండు వాక్యాలు, తరువాత ఇలా ఉంది: "వంటింట్లో ఎవరో ఉన్నారు. ఒనేలియానని చెబుతోంది. దాని కోటే వేసుకుంది. నమ్మకు." అక్షరాలు చక్కగా, వరుస తప్పకుండా ఉన్నాయి. చెయ్యి వణకలేదు. అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

పోయిన వారం వీలునామా రాయిద్దామని ఈ ఆఫీసుకి మొదటిసారి వచ్చాను. మొదటిసారి అనుకున్నాను. మీర్తా గారు బీరువాలోంచి ఒక కాగితం తీసి, నా చేతిలో పెట్టకుండా బల్లమీద పెట్టి, "జూలై నాలుగున మీరు వచ్చారమ్మా. ఈ కుర్చీలోనే కూర్చున్నారు" అన్నారు. ఆ రోజు నేను చెప్పి రాయించిన చిత్తు అది. ఇల్లు మున్సిపాలిటీకి. ఇంట్లో తిరుగుతున్న ఆ మనిషికి ఒక చెంచా కూడా దక్కకూడదు, ఆమెను పోలీసులు బయటికి పంపాలి. డాక్టరు కాగితం తెస్తేనే సంతకం అని మీర్తా గారు అడ్డం తిరగబట్టి అది చిత్తుగానే ఉండిపోయింది. ఆ సాయంత్రం కూడా ఒనేలియా నాకు కాళ్ళకి వేడినీళ్ళ సీసా పెట్టే ఉంటుంది. రోజూ పెడుతుంది.

ఇకమీదట నేను రాసే ఏ వీలునామా కూడా చెల్లకుండా చెయ్యమని అడిగాను. కుదరదట. "మీ చేతులు మీరే కట్టేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు" అన్నారు. అంటే రేపు నాలాగే సంతకం పెట్టే ఇంకో మనిషి వచ్చి నా చెల్లెల్ని వీధిలోకి నెట్టగలదు, ఆ మనిషి నేనే. కనుక చట్టం చెయ్యలేనిది వేడుకోలుగా రాస్తున్నాను. ఈ ఊరి నోటరీలారా, నేను మధ్యాహ్నం పూట మీ గుమ్మం ఎక్కితే కాఫీ ఇచ్చి ఇంటికి పంపించండి. ఒనేలియా, నిన్ను ఎవరివే అని అడిగితే, తిడితే, వెళ్ళగొడితే, అది నా మాటగా తీసుకోకు. నా మాట ఇది, ఈ కాగితంలో ఉన్నది. రికార్డింగుల విషయంలో నా వెనక నాటకమాడినందుకు నిన్ను క్షమించలేదు. అది వేరే సంగతి. ఇల్లు నీది.

ఏడు. నేను చదవలేని రోజు వస్తుంది. నాకు చదివి వినిపించేవాళ్ళు హత్యలున్న కథలు చదవచ్చు, చావులున్నవీ చదవచ్చు. దారి తప్పినవాళ్ళ కథలు వద్దు. ఇంట్లోకి పరాయివాళ్ళు వచ్చే కథలు వద్దు. చదివిందే మళ్ళీ చదివినా సరే, ముందే విన్నావని మాత్రం నాతో అనొద్దు.

ఎనిమిది. ఇదంతా రాయడం అయ్యాక నియమం ప్రకారం మీర్తా గారు ఒక ప్రశ్న అడిగారు. గాజు తలుపు అవతల బెంచీ మీద కూర్చున్న ఆవిడ మీకు ఏమవుతారు అని. చూశాను. నీలం కోటు, ఒళ్ళో సంచి, సంచి మీద రెండు చేతులు. నా చెల్లెలు, ఒనేలియా, అని చెప్పాను. పది గంటల పది నిమిషాలకు గుర్తుపట్టాను. వెంటనే చెప్పినట్టు రాయమన్నాను, తరువాత ఆ మాట కొట్టేయించాను. వెంటనే కాదు. కానీ చెప్పాను.

పాయ్‌సందు, 2023 ఆగస్టు 17, గురువారం ఉదయం.

(సంతకం) ఎర్మెలిందా బిదార్త్

సాక్షులు:
ఎలిసెయో ఫ్రాగా, సాల్తో బస్సు రిటైర్డు డ్రైవరు
నిల్సా కుఞెత్తి, ఎదురింటి బేకరీ యజమానురాలు
ఒరాసియో పిరిస్, గడియారాల మెకానిక్

నా సమక్షంలో చదివి వినిపించి, సంతకం చేయించబడినది: మీర్తా సబలేటా, నోటరీ