చచ్చినవాడి పుట్టినరోజు

రాయ్‌పూర్,
12 జనవరి 1968

ప్రియమైన భీమారావుకు,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు ఆలస్యం కావడానికి కారణం బద్ధకం కాదు, కోపం. నీ మీద కాదులే, నిశ్చింతగా చదువు.

కిందటి జూలైలో మా తత్త్వశాస్త్రం డిపార్టుమెంటులో అన్నమ్మ అనే అమ్మాయి టెంపరరీ లెక్చరరుగా చేరిందని రాశాను కదా. మన శ్రీకాకుళం వాళ్లే. తండ్రి ఇక్కడి రైల్వే వ్యాగన్ షాపులో ఫిట్టరు. సాగర్ యూనివర్సిటీలో ఎం.ఏ. ఫస్టు క్లాసట. ఈ రోజుల్లో ఫస్టు క్లాసు పల్లీల్లా పంచుతున్నారు, అది వేరే సంగతి. ఆవిడ తత్త్వశాస్త్రం ఎలా చెబుతోందో తెలుసా? సినిమాలు చూపించి! శనివారం మధ్యాహ్నం ఆటకి ముప్ఫైమందిని వెంటేసుకుని టాకీసుకి పోతుంది. సోమవారం క్లాసులో, "మీరు చూసిందేమిటి, చూశామని అనుకున్నదేమిటి?" అని అడుగుతుంది. వానలో పాట పాడుతున్నారు, వెనకాల గోడ పొడిగా ఉంది, అది మీకెందుకు కనబడలేదు? ఇదీ ఆవిడ పాఠం. గంటసేపు గోడ మీద చర్చ!

పిలిచి మందలించాను. ఏమందో విను. "తాడుని చూసి పామనుకున్నోళ్లు మా క్లాసులో ఒక్కరూ లేరు సార్. సినిమా చూసి ఏడవనోళ్లు కూడా ఒక్కరూ లేరు. లేనిదాన్ని చూసి ఎందుకేడిసినారో, అక్కణ్ణించి మొదలెడతాను" అంది. శంకరుల రజ్జుసర్పం ఈ ఫిట్టరు కూతురికి పాతబడిపోయింది!

ఇరవై ఎనిమిదేళ్లుగా చెబుతున్నాను. నా క్లాసులో ఇంతవరకు ఒక్కడూ సందేహం అడగలేదు, అంత విడమరిచి చెబుతాను కనక. ఈవిడ క్లాసు పక్కనుంచి వెళ్తే కూరగాయల బజారు నయమనిపిస్తుంది.

ఫిబ్రవరి 28న కాలేజీ కమిటీ కూర్చుంటుంది. ఈవిణ్ణి పర్మనెంటు చెయ్యడమో ఇంటికి పంపడమో అప్పుడు తేలుతుంది. హెడ్డుగా నేనిచ్చే రిపోర్టే ఆధారం. తండ్రి ఈ ఏడే రిటైరవుతున్నాడు, కింద ముగ్గురు పిల్లలు, ఇల్లంతా ఈవిడ జీతం మీదే అని క్లర్కు జోగయ్య చెవిలో వేశాడు. జాలిపడి శాస్త్రాన్ని తాకట్టు పెట్టలేను కదా.

నీ
గురునాథం

*

బిలాస్‌పూర్,
17 జనవరి 1968

ఒరే గురునాథం,

నీ కోపం కవరు చించకముందే తగిలింది. విజయనగరంలో చదువుకునే రోజుల నుంచీ నీది ఇదే వరస. రుచి చూడకుండానే పులుసులో ఉప్పెక్కువైందంటావు.

ఒక్క మాట అడుగుతాను. నువ్వు చివరిసారి సినిమా చూసిందెప్పుడు? నాకు గుర్తున్నంతవరకు మీ అన్నయ్య పెళ్లినాడు, అదీ సగం నిద్రపోయావు. ఇక్కడ మా రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆదివారం సినిమాలు వేయించేది నేనే. మిషను కూడా తిప్పుతాను. అందుకని పక్షపాతం అంటావేమో, అనుకో. ఒక ఆడపిల్ల ఉద్యోగం మీద సంతకం పెట్టేముందు ఆ పిల్లలతోపాటు వెళ్లి ఒక్క ఆట చూడు. ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినంత తిట్టు.

మీ చెల్లెలు నిన్నడిగినట్టు రాయమంది.

నీ సినిమా పిచ్చివాడు,
భీమారావు

*

రాయ్‌పూర్,
11 ఫిబ్రవరి 1968

ప్రియమైన భీమారావుకు,

నీ మాట విని మొన్న శనివారం వెళ్లాను. జన్మలో మరిచిపోను.

పిల్లలంతా కింద బెంచీల్లో కూర్చున్నారు. నేను పైన బాల్కనీలో. హిందీ సినిమా. కథ చెబుతాను, నవ్వకు. ఒక మిల్లు యజమాని. జీపు లోయలో పడి చచ్చిపోయాడు. దహనమైంది, భార్య తెల్లచీర కట్టింది. సరే. మరు నిమిషంలో ఆ చచ్చినవాడే చక్కగా సూటు వేసుకుని తన పుట్టినరోజు కేకు కోశాడు! భార్య ఎర్రచీరలో, నుదుట బొట్టుతో పక్కనే నిలబడి పాట పాడింది. వాడెలా బతికాడో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. పాట అయ్యాక ఆవిడ మళ్లీ తెల్లచీరలో కోర్టులో కనబడింది. కింద జనం ఒకటే ఈలలు, కేకలు, తెర మీదికి చెప్పులు. వాళ్లకి ఆ దృశ్యం ఎంత నచ్చిందో చూడు. దేశం ఇలా తగలడింది.

ఇదన్నమాట ఈవిడ పాఠ్యగ్రంథం. సోమవారం క్లాసు ముందునుంచి వెళ్తుంటే ముప్ఫైమందీ ఆ చచ్చినవాడి మీదే కొట్టుకుంటున్నారు. ఒకడు దెయ్యమంటాడు, ఒకడు కలంటాడు. పైడమ్మ అని మన రైల్వే కాలనీ పిల్ల లేచి ఏదో డబ్బా అంటోంది. నేను ఆగలేదు.

రిపోర్టు ఇచ్చేశాను. "మృతుడు ఏ వివరణా లేకుండా తిరిగి వచ్చే అసంబద్ధ చిత్రాన్ని ఈమె తత్త్వశాస్త్రంగా బోధిస్తున్నది. స్వయంగా చూసి ధ్రువీకరిస్తున్నాను. ఈమె అధ్యాపక వృత్తికి తగదు." ఎవరో చెబితే విన్నది కాదు, ప్రత్యక్ష ప్రమాణం. నువ్వే కదా చూడమన్నావు!

తృప్తిగా,
గురునాథం

*

బిలాస్‌పూర్,
15 ఫిబ్రవరి 1968

గురునాథం,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

ఆ సినిమా నేను చూశాను. పుట్టినరోజు పాట మొదట వస్తుంది. జీపు లోయలో పడేది ఆ తర్వాత. కోర్టు దాని తర్వాత. చచ్చినవాడు తిరిగి రాడు. వాడంత నికరంగా చచ్చినవాడు ఇంకొకడు లేడు.

నీకు తెలియకపోవచ్చు. ఊళ్లో రెండు టాకీసులకి ఒకటే ప్రింటు వస్తే, ఒకచోట ఆడిన రీళ్లని డబ్బాల్లో పెట్టి సైకిలు మీద రెండోచోటికి పంపుతారు. హడావుడిలో ఒక్కోసారి ముందు రావలసిన డబ్బా వెనకపడుతుంది. తెర ఖాళీగా ఉంటే జనం ఊరుకోరు కనక ఆపరేటరు చేతికందింది ఎక్కించేస్తాడు. నేనూ చేశాను. జనం ఈలలు వేసి చెప్పులు విసిరింది నచ్చి కాదురా, ఆపరేటర్ని తిట్టడానికి. ఆ హాల్లో జరిగింది తెలియనిది నీ ఒక్కడికే.

ఆ పైడమ్మ డబ్బా అన్నదంటే ఆ పిల్ల వెళ్లి కనుక్కుందన్నమాట. ఆవిడ క్లాసులో పిల్ల కనుక్కుంది. నువ్వు సంతకం పెట్టావు.

ఇవాళే కమిటీ దగ్గరికి వెళ్లి రిపోర్టు వెనక్కి తీసుకో. 28 దాకా ఆగకు.

భీమారావు

*

రాయ్‌పూర్,
20 ఫిబ్రవరి 1968

భీమారావుకు,

నీ ఉత్తరం చింపేశాను. మళ్లీ ముక్కలు ఏరుకుని చదివాను.

వెళ్లి ఏమని చెప్పమంటావు? ఇరవై ఎనిమిదేళ్లు ప్రమాణాల గురించి పాఠాలు చెప్పిన గురునాథం సైకిలు మీద వచ్చిన రేకుడబ్బా చేతిలో మోసపోయాడని చెప్పనా? స్టాఫు రూములో తలెత్తుకుని టీ తాగగలనా? ఒక్క రీలు తారుమారైనంత మాత్రాన సినిమా గొప్పదైపోదు, ఆవిడ పద్ధతి మంచిదైపోదు. నన్ను కొంచెం ఆలోచించుకోనీ.

గురునాథం

*

రాయ్‌పూర్,
14 మార్చి 1968

ప్రియమైన భీమారావుకు,

నీ రెండు కార్డులూ అందాయి. ఏమైందని అడిగావు. చెబుతాను. నువ్వు తిట్టవలసినదంతా నేనే తిట్టుకున్నాను కనక నీ సిరా దండగ చెయ్యకు.

ముందు టాకీసుకి వెళ్లాను. ఆపరేటరు పరదేశి, మన వైపువాడే. నన్ను చూసి బెదిరిపోయాడు. "ఆవేళ డబ్బా ఉల్టా అయిపోనాది బాబూ, గలతీ నాదే. మర్నాడే ఓ అమ్మాయొచ్చి అడిగితే చెప్పీసినాను" అన్నాడు. తప్పు ఒప్పుకోవడానికి వాడికి అర నిమిషం పట్టింది. నాకు పది రోజులు పట్టింది.

27న కమిటీ అధ్యక్షుడి ఇంటికి వెళ్లాను. నూనెమిల్లు ఆసామి. నేను చూసింది తప్పు, రాసింది తప్పు, రిపోర్టు వాపసు ఇవ్వండన్నాను. ఆయన నవ్వి నాకు మిఠాయి పెట్టాడు. "ప్రొఫెసర్ సాబ్, ఆ అమ్మాయి వచ్చి ఏడ్చిందా?" అన్నాడు. ఏడవలేదు, నేనే పొరబడ్డానన్నాను. "మీవంటివారు పొరబడరు. మీది మెత్తని మనసు" అన్నాడు. రీళ్ల సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాను. పిల్లలు కథ చెబితే విన్నట్టు విన్నాడు. ఆప్తుడి మాట, అంటే నమ్మదగినవాడి మాట, ప్రమాణమని ఇన్నేళ్లు బోధించాను. నా అబద్ధాన్ని ఆప్తవాక్యంగా పుచ్చుకుని, నా నిజాన్ని మొహమాటం కింద కొట్టేశారు. పది రోజుల ముందు వెళ్లి ఉంటే నమ్మేవాడేమో. అప్పటికి కాగితం ఇంకా మిగతా సభ్యులకి చేరలేదట. ఆ పది రోజులూ నేను నా పరువుని కాపలా కాశాను. చేతులారా చేసిన పాపం ఇది.

28న అన్నమ్మని తీసేశారు.

వ్యాగన్ షాపు క్వార్టర్స్‌కి వెళ్లాను. తండ్రి కుర్చీ వేసి బయటికి వెళ్లిపోయాడు, నా మొహం చూడలేక. చెప్పాను. "తెలుసు సార్" అంది అన్నమ్మ. తెలిస్తే కమిటీకి ఎందుకు చెప్పలేదని అడిగాను. సిగ్గులేక ఆ మాట కూడా అడిగాను. "చెప్పినాను సార్. పైడమ్మని కూడా తీసుకెళ్లినాను. గురునాథంగారు కళ్లారా చూసి రాసినారు కదా, ఇంకేటి అడగాలి అన్నారు. ఆ పిల్లని కూడా కసిరినారు, చదువుకోవాలనుంటే నోరు మూసుకోమని" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. భిలాయిలో ఏదో స్కూల్లో చిన్న తరగతులకి చెప్పడానికి వెళ్లిపోయింది.

ఆవిడ క్లాసు నాకిచ్చారు. సోమవారం వెళ్లాను. ముప్ఫైమందీ లేచి నిలబడ్డారు, కూర్చున్నారు. బజారు లేదు, చప్పుడు లేదు. ఎవరైనా ఏదైనా అడుగుతారని చూశాను. ప్రశ్నలున్నాయా అన్నాను. తలలు వంచుకున్నారు. గొడవ పెట్టుకోవాలని ఉంది వాళ్లతో. వాళ్లు నన్ను నిలదీయాలని, తిట్టాలని కూడా ఉంది. చివరికి కావాలనే ఒక మాట అన్నాను. "నిప్పు చల్లగా ఉంటుంది. ఇది ప్రత్యక్షంగా తెలిసిన విషయం" అన్నాను. ఎవరైనా లేస్తారని ఆగాను.

ముప్ఫై కలాలు కదిలాయి. మూడో బెంచీలో పైడమ్మ ఒక్కసారి తలెత్తి నా మొహం చూసింది. తర్వాత ఆ పిల్ల కూడా రాసుకుంది.

ఉంటాను,
గురునాథం