మూడు మచ్చల తెగులు

కోటబొమ్మాళి,
అక్టోబరు 2

చిరంజీవి నరేష్‌కి మీ మావ జగన్నాధం దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అత్త తాయారూ, గేదే బాగున్నాం. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు సగం విని సరే మావా అంటావు. కాగితమైతే రెండోసారి చదువుతావు.

ఈ ఇరవై ఎనిమిదిన విత్తనాల వాళ్ళు మన రెండెకరాల వరి చూడ్డానికి వస్తన్నారు. తెగులు లేదని రాసిస్తే మన గింజలు తిండికి కాదు, విత్తనానికి వెళ్తాయి. వచ్చే ఏడు పది ఊళ్ళలో మన వరి మొలుస్తాది. నలభయ్యేళ్ళ సేద్యంలో నాకింత ఆశ ఎప్పుడూ పుట్టలేదు. వ్యవసాయం చదివినవాడివి, నువ్వోసారి చూడు. వ్యవసాయ శాఖలో ఉద్యోగానికి చేరి నెల కాలేదని ఎవరికీ చెప్పను.

ఫొటోలు జతచేశాను, అన్నీ తూర్పు గట్టు వైపువి. పెళ్ళిళ్ళలో అందరి చేతుల్లోనూ ఫోన్లే అయ్యాక స్టూడియో మూసేసిన నరసింగరావు నాకిచ్చిన పెద్ద కెమేరాతో తీసినవి. లెన్సు ఊడొచ్చే రకం. మొన్న మీ అత్త వసారాలో ఉలవలు చెరుగుతుంటే పక్కనే కూర్చుని, లెన్సు ఊడదీసి లోపల ఏటున్నాదో అరగంట చూశాను. పెద్దగా ఏమీ లేదు.

ఇట్లు, మీ మావ

తా.క.: ఫొటోల్లో వంకర నా చేతిది. పైరు నిటారుగానే ఉంది.

రాజాం,
అక్టోబరు 6

పూజ్యులైన మావయ్యకి నరేష్ నమస్కారాలు.

ఫొటోలు చూశాక అన్నం సహించలేదు. అన్నింటిలోనూ ఆకుల మీద మూడేసి గుండ్రటి మచ్చలు. ఇది గోధుమ మచ్చ తెగులే. తూర్పు గట్టు వైపు పది వరసలు వెంటనే పీకి కాల్చెయ్యండి. చుట్టుపక్కల ఇంకెక్కడికైనా పాకిందేమో ఫొటోలు తీసి పంపండి.

మీ నరేష్

తా.క.: ఈ సంగతి అత్తకి తెలియనివ్వకండి.

కోటబొమ్మాళి,
అక్టోబరు 9

ఒరే నరేషూ, ఆశీస్సులు. నీ ఉత్తరం నాకు చదివి వినిపించింది మీ అత్తే.

పది వరసలు పీకడానికి వెళ్ళి గట్టు మీద కూర్చుండిపోయాను. చెయ్యి రాలేదు. పేపరు చదివే భూతద్దంతో ఆ పది వరసలూ ఆకు ఆకూ చూశాను, మచ్చ లేదు. అయినా నీ చదువు మీద గౌరవం కొద్దీ పక్కనున్న సూరయ్య చేను ఫొటో తీశాను. మూడు మచ్చలు. ఆ మాట చెప్పాక సూరయ్య నాతో మాటలు మానేశాడు. గేదెని తీశాను. దానికీ మూడే, డొక్క మీద. పాలు మాత్రం ఎప్పటిలాగే ఇస్తాది.

ఇట్లు, మీ మావ

తా.క.: వరి మందు గేదెకి పనిచేస్తాదా?

రాజాం,
అక్టోబరు 12

మావయ్యకి నమస్కారాలు. గేదెని వేరే కట్టండి. వరి నుంచి గేదెకి అంటుకునే జబ్బు ఇక్కడి పశువుల డాక్టరు గారు కూడా వినలేదట. దీనికి మూడు మచ్చల తెగులని పేరు పెట్టి మా కాలేజీ మాస్టారికి రాశాను. మనుషులకి సోకిందేమో కూడా తెలియాలి. అత్త ఫొటో పంపండి.

మీ నరేష్

తా.క.: దగ్గరగా నిలబడి తియ్యకండి.

కోటబొమ్మాళి,
అక్టోబరు 15

నరేషూ, ఆశీస్సులు. మీ అత్తకీ సోకింది. ఎడమ బుగ్గ మీద రెండు, నుదుటి మీద ఒకటి. శనగపిండితో మూడుసార్లు తోముకుని అద్దంలో చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది.

"నా మొకంలో లేని మచ్చ నీ పెట్టెలో ఉన్నాది. ముందు దాన్ని కడుక్కో."

ఆవిడ మాట తీసెయ్యలేక కెమేరా పైకెత్తి ఉత్త ఆకాశాన్ని తీశాను. అక్కడా మూడే. ఆకాశానికి ఏ మందు కొట్టాలో తిరుగు టపాలో రాయి.

ఇట్లు, మీ మావ

తా.క.: లెన్సు ఊడదీసి నోటితో గట్టిగా ఊదాను. ఇప్పుడు అయిదున్నాయి.

రాజాం,
అక్టోబరు 18

మావయ్యకి నరేష్ నమస్కారాలు. మొహం చూపించలేక ఉత్తరం రాస్తున్నాను.

మీ ఫొటోలు ఇక్కడి స్టూడియో విజయ్‌కుమార్‌కి చూపిస్తే కుర్చీలోంచి లేచి మరీ నవ్వాడు. లెన్సు వెనక, లోపలి అద్దం చాటున, బొమ్మని పట్టే సెన్సర్ ఉంటుందట. దాని మీద ఉలవల దుమ్ము పడింది. అందుకే ఏది తీసినా అవే మచ్చలు, అదే చోట. నోటితో ఊదితే తుంపర పడుతుంది. గాలి కొట్టే రబ్బరు బ్లోయర్ పంపుతున్నాను. లెన్సు ఊడదీసి మెనూలో క్లీనింగ్ నొక్కితే అద్దం పైకి లేస్తుంది. కెమేరా మూతి నేలవైపు పెట్టి, బ్లోయర్ ముక్కు లోపల దేనికీ తగలకుండా నాలుగుసార్లు నొక్కండి. గుడ్డా దూదీ పెట్టొద్దు. తర్వాత మళ్ళీ ఆకాశాన్ని తీసి చూసుకోండి.

ఇక నా సలహాలు వినకండి. మీరు ఆ పది వరసలూ పీకేసి ఉంటే? ఈ ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను.

మీ నరేష్

తా.క.: గేదెని పాత చోటే కట్టెయ్యండి.

కోటబొమ్మాళి,
అక్టోబరు 29

చిరంజీవి నరేష్‌కి మావ ఆశీస్సులు, మీ అత్తవి కూడా.

బ్లోయర్ చేరింది. నాలుగుసార్లు నొక్కి ఆకాశాన్ని తీస్తే ఒక్క మచ్చా లేదు. ఆ సంబరంలో మడి చుట్టూ తిరిగి పైరు ఫొటోలు తీశాను. పడమటి మూల ఫొటోలో ఒక మచ్చ. మళ్ళీ నొక్కాను, పోలేదు. ఇరవైసార్లు నొక్కాక మీ అత్త నా చేతిలోంచి బ్లోయర్ లాక్కుంది. ఆకాశంలో లేనిది కెమేరాలో మాత్రం ఎక్కడుంటాదని అడిగి, నన్ను మడిలోకి నడిపించింది.

ఆకు మీదే ఉందిరా. నూలుకండెలా, నడుమ బూడిద రంగు. నేను తూర్పు వైపే వెతికాను కదా, ఇది పడమర. కోటబొమ్మాళి పురుగుమందుల కొట్లో చూపిస్తే అగ్గితెగులన్నారు, మొదట్లోనే పట్టారు కాబట్టి ఒకసారి కొడితే చాలన్నారు. నాలుగు దుబ్బులు పీకి, మందు కొట్టాను.

నిన్న విత్తనాల వాళ్ళు వచ్చారు. పీకేసిన జాగా చూసి అడిగితే దాచకుండా చెప్పాను. మిగతా మడంతా దుబ్బు దుబ్బూ చూసి, సంతకం పెట్టారు. మన వరి విత్తనానికి వెళ్తాది.

ఇంత ముందుగా ఎలా పట్టారని అడిగారు. మా మేనల్లుడి వల్ల అన్నాను. అబద్ధమేమీ కాదు. నువ్వు కంగారు పెట్టకపోతే ఈ ఏడు పడమటి మూలకి నేను వెళ్ళేవాణ్ణే కాదు. ఉద్యోగం మానకు.

ఇట్లు, మీ మావ జగన్నాధం

తా.క.: వాళ్ళు నీ అడ్రసు రాసుకుని వెళ్ళారు. ఇంకో ఊళ్ళో మడి ఫొటోలు నీకు పంపుతారట. ఫొటోలు చూసి జవాబు రాయకు. బస్సెక్కు.