ఎర్రగుడ్డ కట్టిన జింకలు

మల్లన్నా,

ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. నువ్వు పోయి మొన్న శుక్రవారానికి ఏడాది. సరిగ్గా ఆ రోజే, ఈ గల్ఫ్‌లో షమాల్ ఊరి దగ్గర నువ్వు జింకలు మేపిన మన యజమాని అర్బాబ్ తోటలో వేట పెట్టారు. అతిథుల బండి నడిపింది నేనే కాబట్టి అంతా కళ్లారా చూశాను.

నువ్వున్నప్పుడు వేటకు వారానికి ఒక్క బండే కంచె లోపలికి వెళ్లేది. ముసలి పోతులనే కొట్టాలి. చూడి జింకలు తెలియాలని వాటి మెడకు ఎర్రగుడ్డ కట్టేవాడివి. "మంద బతికితేనే గదరా తమ్మీ, వచ్చే ఏడు వేట ఉంటది" అనేవాడివి. నీ తర్వాత ఆ గుడ్డలు నేనే కడుతున్నాను.

కొత్త మేనేజర్ సుబ్బారావు, అందరికీ అవకాశం రావాలంటూ అతిథులందర్నీ ఒకే రోజు పిలిచాడు. కంచె లోపల బండ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరిగాయి. బెదిరిన మంద మూలకు చేరి తొక్కుకుంది. ఆ దుమ్ములో స్పష్టంగా కనబడింది ఎర్రగుడ్డలే. వాటికే గురిపెట్టారు!

"గుడ్డ ఉన్నవాటిని కొట్టకూడదండీ!" అని అరిచాను.

"నీ డ్యూటీ డ్రైవింగు. అది చూసుకో. ఆ రూలు ఇప్పుడు లేదు" అన్నాడు సుబ్బారావు.

సిగ్గుండక్కర్లేదా వీళ్లకి? కడుపులో పిల్లలతో పడిపోయిన వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగారు. దాన్ని అవకాశమంటారు!

మర్నాడు గడ్డి చూపిస్తే మిగిలినవి బెదురుతూనే దగ్గరికొచ్చాయి. మెడ మీద చెయ్యి వేయగానే, అలవాటు ప్రకారం కదలకుండా నిలబడ్డాయి.

గుడ్డలన్నీ విప్పేశాను, మల్లన్నా.