విప్పిన పేరు

రెజైనా,
సెప్టెంబరు 18

నా బంగారు అక్కా స్టెఫానియా,

ఫోన్ చేద్దామని మూడుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. నీ గొంతు వింటే నాకు మాట పెగలదు. చదివాక నన్ను తిట్టు, ఇక నా మొహం చూడనని ఒట్టు పెట్టుకో, కానీ చివరిదాకా చదువు.

మన డానిలోని ఫుట్‌బాల్ జట్టులోంచి తీసేశారని వాడు నీకు చెప్పే ఉంటాడు. వాడికంటే ముందే నాకు తెలుసన్న సంగతి మాత్రం నీకు తెలియదు. నీ చెల్లెలు ఇరవై రెండేళ్లుగా స్టేడియం కింది గదిలో జెర్సీల మీద పేర్లు కుడుతోందని ఊరంతా చెప్పుకుంటావు కదా. విప్పేది కూడా నేనేనని నీకెప్పుడూ చెప్పలేదు. ఎవరినైనా తీసేస్తే ఆ నంబరు జెర్సీ సాయంత్రానికల్లా కొత్తవాడికి సిద్ధం కావాలి. అందుకని ముందు నాకు చీటీ వస్తుంది. కోచ్ పిలిచి చెప్పేదాకా నేను పెదవి విప్పకూడదు. ఇన్నేళ్లలో ఎందరి పేర్లు విప్పానో లెక్కలేదు, ఒక్కడికీ ముందు చెప్పలేదు. మంగళవారం పొద్దున చీటీలో ముప్పై ఏడు అని ఉంది. నాకు వెంటనే తట్టలేదక్కా. జెర్సీ ఒళ్ళో వేసుకుని తిప్పి చూస్తే ప్రిస్టుపా. మన ఇంటిపిల్లాడి పేరు. చీటీలో ఏదో పొరపాటు జరిగిందని కిట్లు చూసే రస్సెల్ దగ్గరికి పరుగెత్తాను.

"పొరపాటేం లేదు నడియా. పని కానీ," అన్నాడు నా వైపు చూడకుండా.

పేరు సగం విప్పానో లేదో తలుపు తోసుకుని వాడే వచ్చాడు. చేతిలో నువ్వు దుంపలు కూరి చేసి పంపిన పెరోగీల డబ్బా. జెర్సీని బల్ల కిందికి తోసేశాను.

"పిన్నీ, తింటావా? అమ్మ ఈసారి ఉల్లిపాయలు మాడ్చేసింది."

"మా అక్కనంటే నాలుక కోస్తాను."

"నాలుక కోస్తే ఇవెలా తినను? నువ్వే అన్నీ లాగించేద్దామనా?"

నవ్వాడు. రెండు తిన్నాడు, నా నోట్లో ఒకటి కుక్కాడు. గుమ్మం దగ్గర ఆగి ఏదో చెప్పబోయి, "ఏం లేదులే పిన్నీ," అని వెళ్ళిపోయాడు. నేను వెనక్కి పిలవలేదు. నా ఉద్యోగం కోసం నా అక్క కొడుకు ముందు నోరు కట్టేసుకుని కూర్చున్నాను. ఆ పెరోగీ ఇంకా గొంతులోనే ఉన్నట్టుంది.

ఎందుకు తీసేశారో నాకు తెలుసు. ఈ నెల మొదట్లో విన్నిపెగ్ జట్టుతో ఆడిన లేబర్ డే మ్యాచ్‌లో వాడు చేసిన కోతిపనికి. నువ్వూ టీవీలో చూశావు కదా. మనవాళ్ళు బంతి తన్నగానే పరుగెత్తి, దాన్ని పట్టుకున్న అవతలివాణ్ణి హెల్మెట్ పెట్టుకున్న తలతో గుద్ది పడేశాడు. లేచి తిన్నగా విన్నిపెగ్ వాళ్ళ బెంచీ మీదికి వెళ్ళి కూర్చున్నాడు! వాళ్ళ నీళ్ళు కూడా తాగాడు! పుచ్చకాయ డిప్పలు టోపీల్లా నెత్తిన పెట్టుకున్న మన అభిమానులంతా వాడి పేరు పెట్టి ఒకటే కేకలు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే, పక్కటెముకలు నొప్పి పుట్టేలా. కోచ్ మొహం మాత్రం మాడిపోయింది. ఒక్క వేళాకోళానికి మూడేళ్ల కష్టాన్ని తీసి అవతల పారేస్తారా? ఈ ఏడు గ్రే కప్ గెలవాలని ఆశలు పెట్టుకుని, ఇంకా ఆరు మ్యాచ్‌లు ఉండగా?

రేపు రాజీనామా ఇస్తున్నాను. ఇక నేను సూది పట్టను.

నీ దగ్గర తప్పు చేసిన చెల్లెలు,
నడియా

కనోరా,
సెప్టెంబరు 24

పిన్నీ,

అమ్మ నీ ఉత్తరం నా ముందు పడేసి, "మీ పిన్నికి మతి పోయింది. నువ్వే జవాబు రాయి," అని తోటలో దుంపలు తవ్వడానికి వెళ్ళింది. నీ మీద కోపమేం లేదు. చదువుతూ ఏడ్చింది, అంతే.

నన్నెవరూ తీసేయలేదు. సోమవారం నేనే కోచ్ దగ్గరికి వెళ్ళి తీసేయమన్నాను. కారణం ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. మంగళవారం నీ గదికి వచ్చింది నీకు చెబుదామనే. తీరా వస్తే నీ స్వెట్టరు నిండా తెల్ల దారం ముక్కలు. అవి ఎవరి పేరు విప్పిన దారాలో అర్థమైంది. నువ్వు పడుతున్న అవస్థ చూసి నాకు నోరు రాలేదు. ఉల్లిపాయలు మాడలేదు, అమ్మతో అనకు.

లేబర్ డే నాడు నేను వేళాకోళం చెయ్యలేదు పిన్నీ. లేచేసరికి ఆకుపచ్చ చొక్కాలూ కనిపిస్తున్నాయి, నీలం చొక్కాలూ కనిపిస్తున్నాయి. వాటిలో మనవాళ్ళెవరో తెలియలేదు. దగ్గరగా ఉన్న బెంచీకి వెళ్ళాను. ఎవరో నీళ్ళిచ్చారు, తాగాను. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. డాక్టరు అడిగితే సరదాకి చేశానన్నాను. అంతమంది అదే అనుకుంటున్నప్పుడు నాకు పని తేలికైపోయింది. జూలై నుంచే ఇలా అవుతోంది, దాస్తూ వచ్చాను. నువ్వు నవ్వినందుకు బాధపడకు. నీ నవ్వు నాకు వినపడలేదు.

ఇప్పుడు తలకి సంబంధించిన డాక్టరు చూస్తున్నాడు. తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు అన్నాడు. నిన్న పాలు కొని దుకాణంలోంచి బయటికొచ్చాను. నేను పుట్టిన ఊళ్ళో, పిన్నీ, మా ఇల్లు ఎటో తెలియలేదు. ఎవరైనా అడుగుతారేమోనని భయపడి బస్సు కోసం చూస్తున్నవాడిలా నిలబడ్డాను. ఆ రోడ్డు మీద బస్సులే తిరగవట.

ఈ తల సంగతి అమ్మకి ఇంకా తెలియదు, ఆదివారం చెబుతాను. నువ్వు పక్కన ఉండాలి. రాజీనామా ఇస్తే ఇచ్చావు గానీ సూది పారెయ్యకు, వచ్చేటప్పుడు తెచ్చుకో. నా చలికాలం కోటు తీసి పెట్టాను. లోపలివైపు, మెడ దగ్గర, బయటికి కనపడకుండా నా పేరూ అమ్మ ఫోన్ నంబరూ కుట్టాలి. అమ్మ చేత ఆ పని చేయించలేను.

గట్టిగా కుట్టు పిన్నీ. ఈసారి విప్పే పని ఉండదు.

నీ డానిలో