నాయన మా బంతాట చూసిన దినం

బుధవారం రాత్రి, వేలూరు హాస్టలు

నాయన ఈ పొద్దు గుడియాత్తం నుంచి చెప్పకుండా వచ్చినాడు. పద్నాలుగేండ్ల పిల్ల మైదానంలో గంతులేస్తా ఉండాదని ఊళ్ళో ఎవరో చెప్పినారంట. నన్ను ఇంటికి తోడుకోని పోతాడనే అనుకున్నాను.

అప్పుడు మేము బాస్కెట్ బాల్ ఆడుతా ఉన్నాము. ఎప్పటిలాగే నేనేసిన బంతి రింగు దాకా కూడా పోలేదు. నెల దినాలుగా పొద్దున్నే బావిలో నీళ్ళు చేది చేతులకు బలం తెచ్చుకుంటా ఉండాను, అయినా అంతే. నాయన గోడ పక్కన నిలబడి చాలాసేపు చూసినాడు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆట అయినాక దగ్గరికి వచ్చి, "ఒట్టి చేతులతో యేస్తా ఉండావమ్మా," అన్నాడు. "దినమంతా మగ్గం తొక్కే నాకు బలం యాడుండాది? కాళ్ళల్లో. మోకాళ్ళు వంచి, పైకి లేస్తా యెయ్యి."

అట్లే చేసినాను. మొదటిది రింగు వెనకుండే పలకకు తగిలి పక్కకు పోయింది. మూడోది రింగులో పడింది. నాయన నవ్వలేదు గానీ, బంతిని తనే తెచ్చి నా చేతికిచ్చినాడు.

ఇప్పుడు తొడలు లాగుతా ఉండాయి. ఈ నొప్పి బాగుండాది.

వచ్చే ఏడు చదివిస్తాడో లేదో అడగడానికి ధైర్యం చాలలేదు. ఇంట్లో అవ్వ ఏమంటుందో కూడా తెలియదు. శనివారం బంతాట పందెం ఉండాదని మాత్రం చెప్పినాను. నాయన గేటు దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, పందెం ఎన్ని గంటలకని మాకు ఆట నేర్పే టీచరమ్మను అడిగినాడు.