ఊడ్చే పని ఎవరిది

అప్పకు,

నీకూ బావగారికీ నీ తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? పిల్ల కాలేజీకి సరిగ్గా వెళుతోందా? ఫోనులో నీకు వినపడటం లేదు, నాకు చెప్పడం రావడం లేదు. అందుకే కాగితం తీశాను. పిల్లచేత చదివించుకో.

రాజేశ్వరి పెద్దకర్మకు వచ్చినప్పుడు, తన చివరి రోజు ఎలా గడిచిందని అడిగావు. అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు రాస్తాను.

ఇక్కడి రెండో పంట దాళ్వాకు ఊడ్పులు జరుగుతున్న రోజులు. ఊడ్పులంటే మన ఉభాలే, వరి నాట్లు. రాజేశ్వరి పొద్దున లేచి పప్పు రుబ్బింది. నాకు క్యారేజీ కట్టింది. నేను మిల్లుకు వెళ్లాను. మధ్యాహ్నం వరలక్ష్మిగారు ఫోను చేశారు. ఆవిడది మా పక్క వాటా. ఊళ్లో ఊడ్పులు చేసే ఆడవాళ్ల ముఠాకు ఆవిడే మేస్త్రి. అన్నానికని చేలోంచి ఇంటికొస్తే, రాజేశ్వరి గుమ్మంలో కూలబడి కనిపించిందట, ఒళ్లంతా చెమటలు. నేను వెళ్లేసరికి ఆటో పిలిచి ఉంచారు. నిడదవోలులో డాక్టరు చూసి, గుండె అని, వెంటనే రాజమండ్రి తీసుకెళ్లమన్నాడు. అంబులెన్సులో రాజేశ్వరి తల వరలక్ష్మిగారి ఒళ్లో ఉంది. ఆవిడ కాళ్లకు చేలో బురద ఇంకా ఆరలేదు. కొవ్వూరు దాటుతుండగా రాజేశ్వరి కళ్లు తెరిచి, "దండెం మీద బట్టలు తీయలేదు" అంది. తీస్తాలే అన్నాను. వంతెన మీద ఉండగా నా చెయ్యి వదిలేసింది. అంతే అప్పా. ఎక్కువ బాధపడలేదు. అది నీకు తెలియాలనే రాశాను.

తిరిగి ఇంటికి తెచ్చేసరికి బట్టలు మడతపెట్టి మంచం మీద ఉన్నాయి. ముఠాలో ఎవరో తీసిపెట్టారు. ఎవరని ఇప్పటికీ అడగలేదు.

ఇక నా సంగతి. మిల్లులో గుమాస్తా పని మామూలే. యజమాని సత్యనారాయణగారికి ఊళ్లో పొలం చాలా ఉంది. మిల్లుకు ధాన్యం రాని ఈ రోజుల్లో నన్ను పొలం పనుల మీద తిప్పుతున్నారు. ఎండలు పోయాయి గానీ వానలు ఇంకా పట్టలేదు, ఒకటే ఉక్క. వంట చేసుకుంటున్నాను. కూర కుదురుతోంది, చారు కుదరడం లేదు. మొదట్లో రెండు గ్లాసుల బియ్యం పోసేవాణ్ణి, ఇప్పుడు ఒకటే పోస్తున్నాను. వేళకు తింటున్నాను. బాగానే ఉన్నాను.

మనది కాని ఊళ్లో ఒక్కడివీ ఎందుకు, వచ్చెయ్యి అన్నావు. దానికి జవాబు చెప్పాలంటే పోయిన వారం ఇక్కడ జరిగింది చెప్పాలి.

ఈసారి కాలువకు నీళ్లు ఆలస్యంగా వదిలారు. నారు ముదిరిపోతోంది. ముదిరిన నారు నాటితే పిలకలు సరిగ్గా రావు. ఊళ్లో చూస్తే మనుషులు లేరు. వరలక్ష్మిగారి ముఠాలోనే చాలామంది ఇళ్లలో పనికని కువైట్ వెళ్లిపోయారు. ఆవిడ సొంత చెల్లెలూ అక్కడే ఉంది. అందుకని సత్యనారాయణగారు బెంగాల్ నుంచి ఒక జట్టును పిలిపించారు. అందరూ మగవాళ్లే. చేనుకు అడ్డంగా తాడు లాగి, ఆ తాడు వెంట వరసగా నాటుకుపోతారు. ఎకరానికి ఇంత అని గుత్త. ఆ గుత్త మన ఆడవాళ్లు తీసుకునేదానికంటే బాగా తక్కువ.

దాంతో ఊళ్లో రోజూ వాదనే. ఎవరైనా ఎక్కడికైనా వెళ్లి పని చేసుకోవచ్చు, వద్దనడానికి మనమెవరమని రైతులు టీకొట్టు దగ్గర అంటున్నారు. ఆ రేటుకు ఊడిస్తేనే సాగులో ఏమైనా మిగులుతుందనీ అంటున్నారు. ఊడ్పులూ కోతలూ పోతే ఏడాదంతా ఏం తినాలని ఆడవాళ్లు అడుగుతున్నారు. రెండు మాటలూ నిజమే. నేను డిగ్రీలో ఎకనామిక్స్ చదివాను కదా. కూలీల రాకపోకలకు అడ్డు లేకపోతే మొత్తం మీద అందరికీ లాభమని పరీక్షలో రాశాను. ఇప్పుడు మళ్లీ రాయమంటే ఇంకో పేజీ అడుగుతాను.

జట్టు నాయకుడి పేరు బిమల్. విజయవాడలో ఒక హోటల్లో గదులు శుభ్రం చేస్తూ కాస్త తెలుగు నేర్చుకున్నాడు. వాళ్లు దిగిన సాయంత్రం వరలక్ష్మిగారు నేరుగా అతని దగ్గరికే వెళ్లారు. కాలువ పక్క చేలు ఎప్పుడూ తామే ఊడుస్తామని, ఈసారీ తామే ఊడుస్తామని చెప్పారు. అతను నవ్వి, "ఊడ్చే పని మీదే అమ్మా, మాకు వద్దు" అన్నాడట. ఆవిడ సంతోషించి వాళ్లందరికీ టీ పంపించారు.

తెల్లవారి ముఠా వెళ్లేసరికి కాలువ పక్క చేలో బిమల్ మనుషులు అప్పటికే తాడు కట్టి నాటుతున్నారు. మాటిచ్చి తప్పాడని ఆడవాళ్లు నారు కట్టలు లాగేసుకుని గట్టు మీద బైఠాయించారు. సత్యనారాయణగారు పోలీసులను పిలుస్తానన్నారు. నాకు హిందీ వచ్చు కాబట్టి ముందు నన్ను పిలిచారు.

నేను అడిగితే బిమల్ తెల్లబోయాడు. తను మాట తప్పలేదన్నాడు. "నాటే పని మాది సార్. ఊడ్చే పని వాళ్లనే చేసుకోమన్నాను కదా" అని, వంగి చీపురు తిప్పినట్టు చూపించాడు.

నాకు వెంటనే రాజేశ్వరి గుర్తొచ్చింది. మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో, రేపు చేను ఊడ్చాలి అని వరలక్ష్మిగారు అంటే, అంత చేనుకు చీపుర్లు ఎన్ని పడతాయండీ అని అడిగింది. మన వైపు ఉభాలంటారు గానీ ఊడ్పులనరు కదా. ఆ ఏడాదంతా ముఠావాళ్లు తనను చీపుర్లమ్మా అనే పిలిచారు. తనూ పలికేది.

"చీపురనుకున్నాడండీ. మా రాజేశ్వరి లాగే" అన్నాను.

ఆ పేరు నలుగురిలో పైకి అనడం, తను పోయాక అదే మొదటిసారి. వరలక్ష్మిగారు బిమల్ వైపు తిరిగారు.

"నీ తెలుగు తగలెయ్య. ఎకరాలకెకరాలు చీపురెట్టి ఊడుత్తామనుకున్నావేంట్రా?"

గట్టు మీద అందరూ నవ్వారు. ఏం జరిగిందో నేను హిందీలో చెప్పాక బిమల్ మనుషులూ నవ్వారు.

మాట సంగతి తేలింది. పని సంగతి తేలలేదు. ఇంక లేవండి, నారు ఇచ్చెయ్యండి అన్నారు సత్యనారాయణగారు. వరలక్ష్మిగారు లేవలేదు.

"ఆళ్లు రావొద్దని మేం అంటల్లేదండి. మా చెల్లి కువైట్లో ఎవరింట్లోనో అంట్లు తోముతుంది, నేనెలా అంటాను? ఆళ్లని చూపించి మా రేటు తగ్గించకండి. అంతే."

నేను ఆ మాట బిమల్‌కు హిందీలో చెప్పాను. ముఠా రేటు ఎంతో కూడా చెప్పాను. అతనికి అది తెలియదు. సత్యనారాయణగారికి హిందీ రాదు గానీ అంకె మాత్రం అర్థమైంది.

"ఏవండీ, మీరు మా గుమాస్తానా, ఆళ్ల గుమాస్తానా?"

ఇద్దరి మాటా ఇద్దరికీ చెప్పమన్నారు కదండీ, చెప్పానన్నాను.

"అసలు మీదీ ఊరే కాదు. మధ్యలో మీకెందుకండీ?"

నేను ఏదో అనబోయాను. వరలక్ష్మిగారు అప్పుడు లేచి నిలబడ్డారు.

"అలాగనకండి. ఆయనావిడని మన గోదాట్లో కలిపాం. ఈ ఊరోడవడానికి ఇంకేం కావాలండి?"

సత్యనారాయణగారు తల దించుకున్నారు.

చివరికి బిమల్ తేల్చాడు. ముఠా రేటే తమకూ ఇవ్వాలని, లేకపోతే పక్క ఊరు నుంచి పిలుపు ఉందని అన్నాడు. సత్యనారాయణగారు నారుమడి వైపు చూశారు. ఆకుల చివళ్లు పసుపెక్కుతున్నాయి. కానీండి అని బండి ఎక్కి వెళ్లిపోయారు. ఇద్దరికీ ఒకటే గుత్త. కాలువ పక్క చేలు ముఠాకు, దూరపు చేలు జట్టుకు. ఆ రోజునుంచీ పని సాగుతోంది. మిల్లులో యజమాని ఒకట్రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు, తర్వాత మామూలైపోయారు. ఉద్యోగానికి ఏ భయమూ లేదు, కంగారు పడకు.

వచ్చే ఏడు ఏమవుతుందో తెలియదు. నాటే మిషను తెప్పిస్తామని రైతులు అంటున్నారు. వరలక్ష్మిగారు, బిమల్ ఇప్పుడు ఒకరి ఫోను నంబరు ఒకరు తీసుకున్నారు. వచ్చే ముందు రేటు ఆవిడకు చెప్పే వస్తానన్నాడు. నాకు అది మంచిగా కనిపిస్తోంది.

ఇక మిగిలింది ఊరి చివర పెద్ద చేను. దాన్ని ఇద్దరూ కలిసి ఊడవాలని అనుకున్నారు. తాడు పని ఎలా ఉంటుందో చూడాలని ముఠాలో అందరికీ ఉంది. వరలక్ష్మిగారు మాత్రం ఒక షరతు పెట్టారు. "తాడుకు ఒక చివర ఆ బిమల్ పట్టుకుంటే, రెండో చివర మనూరోళ్లే పట్టుకోవాలి. మీరు పట్టుకోండి తమ్ముడూ" అన్నారు. ఆవిడ నన్ను తమ్ముడూ అని పిలుస్తారు. నువ్వు కోప్పడకూడదు.

కాబట్టి అప్పా, ఇప్పుడే రాను. దసరాకు వచ్చి నీ దగ్గర నాలుగు రోజులుంటాను. వచ్చేటప్పుడు నీకు ఆత్రేయపురం పూతరేకులు తెస్తాను. ఈలోగా మన జీడిపప్పు కాస్త పార్సిలు చెయ్యి, ముఠావాళ్లకు పంచుతాను. మా పెళ్లి ఫోటో నీ బీరువాలో ఉంది కదా, అదీ పెట్టి పంపు. ఇంతకాలం అడగాలనిపించలేదు. ఇప్పుడు గోడకు పెట్టుకుంటాను.

బావగారి కాళ్లకు నమస్కరించానని చెప్పు. పెద్దమ్మకు, వీధిలో పెద్దలందరికీ నమస్కారాలు. పిల్లకు ఆశీస్సులు. నన్ను మీరందరూ దీవించాలి.

సాయంత్రం బట్టలు ఉతికి ఆరేశాను. రేపు పొద్దున్నే దండెం మీంచి వాటిని తీసి, మడతపెట్టి, తలుపు తాళం వేసి, పెద్ద చేలో దిగి తాడు రెండో చివర పట్టుకుంటాను.

నీ తమ్ముడు,
సూర్యం