తాడుకు ముందు ఎవరు

3 జూన్ 1961, శనివారం. సోనామార్గ్ క్యాంపు

లిస్టు పెట్టారు. సోమవారం గ్లేసియర్ అనే మంచునది దాటి, అవతలి శిఖరం ఎక్కి, సాయంత్రానికల్లా దిగి రావాలి. ఇద్దరిద్దర్నీ నడుములకు కలిపి కట్టే తాడు ఒకటి. ఆదినారాయణ అని నా పేరు, పక్కన నబీ రసూల్. వాడిది ప్రొద్దుటూరు. మా జమ్మలమడుగుకు పట్టుమని పదిహేను మైళ్లు లేదు, అయినా వాణ్ణి పటాలంలో చేరాకే చూశాను. దూది ఏకే ఇంట్లో పెరిగినవాడు. ఎత్తంటే భయం. ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు.

తాడుకు ముందుండి బాగా నడిపించినవాళ్లలో ఒక్కడికే డార్జిలింగులో కొండలెక్కే కోర్సు. అది నాదే. రాసి పెట్టుకుంటున్నాను.

4 జూన్

ఇంటినుంచి కార్డు. మంచు మీద నడుస్తున్నామని రాస్తే, పొద్దున్నే చెప్పులు తడుస్తాయి, ఎండెక్కాక నడువు అని మా అమ్మ రాయించింది. అమ్మకు తెలిసిన మంచు శెనక్కాయ చేలమీద కురిసేదే. రసూల్ కడుపు పట్టుకుని నవ్వాడు.

5 జూన్, ఉదయం 5 గం.

బయలుదేరుతున్నాం. చలికి చేతిలో పెన్సిలు నిలవడం లేదు. భయం మాత్రం లేదు.

5 జూన్, సాయంత్రం 6 గం.

గ్లేసియర్ సగందాకా నేనే ముందు. పగుళ్లను కొత్త మంచు కప్పేసి ఉంటుంది, అడుగడుక్కీ మంచు కొట్టే ఐస్ యాక్స్ పిడి దిగగుచ్చి చూడండని మా ఆఫీసరు సాబ్ చెప్పి పంపాడు. నేను గుచ్చలేదు, తట్టాను. పటాలంలో చేరేదాకా బండల గనిలో పనిచేసినవాణ్ణి. సుత్తితో తడితే మంచి బండ ఖంగుమంటుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. నా చెవి మీద నాకంత ధీమా. గుచ్చి చూడమని రసూల్ రెండుసార్లు అన్నాడు. దూది ఏకేవాడివి, నీకేం తెలుసని నవ్వాను.

ఒకచోట బ్రహ్మాండంగా ఖంగుమంది. అడుగు వేశాను.

పైన రాత్రి గడ్డకట్టిన పెచ్చు, కింద ఏమీ లేదు. మనిషి మనిషినే దిగిపోయాను. లోపలంతా నీలం. ఎక్కడో నీళ్ల చప్పుడు, అడుగు కనబడదు. చచ్చాననుకున్నాను. తాడు బిగిసింది. పైన రసూల్ యాక్స్ మంచులో దించి, తాడు దానికి చుట్టి, దానిమీదే బోర్లా పడుకున్నాడు. నేను మెట్లు కొట్టుకుంటూ, వాడు లాగుతూ, పైకి రావడానికి గంట పట్టింది.

వెనక్కి పోదామన్నది నేనే.

"ఈడిదాంకా వచ్చి ఎనక్కి యాడ పోతామప్పా? నా ఎనకాల రా" అన్నాడు.

అక్కణ్ణుంచి వాడే ముందు. ప్రతి అడుగూ గుచ్చి చూసి వేశాడు. వాడి బూటు జాడలోనే నా బూటు పెట్టాను. శిఖరం మీద వేయించిన శెనక్కాయలు, బెల్లం తిన్నాం. అంత సంతోషం పుట్టి బుద్ధెరిగాక లేదు.

ముందెవరు నడిచారని క్యాంపులో సాబ్ అడిగాడు. రసూల్ నా పేరు చెప్పాడు. నేను నోరు మూసుకున్నాను.

7 జూన్

ఎందుకలా చెప్పావని అడిగాను. కోర్సు కోర్సని కలవరించేది నువ్వే కదా అన్నాడు. తర్వాత, డార్జిలింగులో కొండలు ఇంతకంటే పెద్దవా అని అడిగాడు. వాడికీ పోవాలనుంది.

8 జూన్

కోర్సుకు నా పేరు వచ్చింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది రసూల్.

9 జూన్, ఉదయం 7 గం.

సాబ్ టెంటుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ఇద్దర్నీ నిలబెట్టి తిట్టి, నా పేరు కొట్టేసి రసూల్ పేరు రాశాడు. నాకు వారం రోజులు వంటశాలకు నీళ్లు మోసే పని. మోస్తాను. వచ్చే ఏడు మళ్లీ కోర్సు ఉంది.

బయటికొచ్చాక రసూల్ అన్న మాట ఒక్కటే. "నన్ను అబద్ధాలోణ్ణి చేసినావు గదప్పా."

12 జూన్

మూడు రోజులుగా మాటల్లేవు. పొద్దున రసూల్ డార్జిలింగుకని లారీ ఎక్కాడు. లారీ కదిలాక చేయి చాపాడు. గేటుదాకా పరుగెత్తి అందుకున్నాను.